అన్నం తిన్నాక తండ్రి ఏమన్నాడు

రిటైరైన మొదటి చలికాలం నేను నెత్తికెత్తుకున్న తెలివితక్కువ పని సింహళ జానపద కథల్ని తెలుగులో రాయడం. నన్నెవరూ అడగలేదు. కెనడాలో, ఈ సస్కటూన్‌లో నవంబరు నుంచీ ఇంట్లో కూర్చుంటే ఎవరైనా ఏ పనికైనా ఒప్పుకుంటారు. మా ఆయన టీవీలో పాత క్రికెట్ మ్యాచ్‌లకి ఒప్పుకున్నాడు, నేను దీనికి ఒప్పుకున్నాను.

కథలు చెప్పే మనిషి దగ్గర్లోనే ఉన్నాడు. పప్పుధాన్యాల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే ఉండేవి. మసూర్ గింజల్ని తడి కాగితంలో చుట్టిపెట్టి, వారం తర్వాత విప్పి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టడం మా పని. ఆయనది శ్రీలంకలో క్యాండీ కొండల వైపు. నాకంటే ఏడాది చిన్న. చేరిన మొదటి రోజే నన్ను అక్కా అన్నాడు. వాళ్ళ భాషలోనూ అక్క అంటే అక్కేనని అప్పుడే తెలిసింది. అమ్మ అంటే అమ్మే. నాన్న దగ్గరికి వచ్చేసరికే తేడా. నాన్నని వాళ్ళు తాత్తా అంటారు. ఆయన తన తాత్తా కబుర్లు చెబుతుంటే వాళ్ళ తాతగారి గురించి అనుకుని చాలాకాలం విన్నాను. "మీ నాన్నగారి సంగతి ఎప్పుడూ చెప్పరేం?" అని ఒకరోజు అడిగితే చేతిలో పట్టకారు బల్లమీద పెట్టి మరీ నవ్వాడు. ఏడాదిగా చెబుతున్నదంతా ఆయన గురించేనట.

మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. కథలు కూడా ఇంగ్లీషులోనే చెప్పేవాడు, మధ్యమధ్య పాత్రల మాటలు మాత్రం సింహళంలో అని, వాటికి మళ్ళీ అర్థం చెప్పేవాడు. ప్రతి బుధవారం ఉదయం పదింటికి కారేసుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వంటింటి బల్లమీద ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కి, పక్కన నోట్‌బుక్కు తెరుచుకుని కూర్చునేదాన్ని. ఆయన భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. ఇల్లు శుభ్రంగానే ఉంచుకునేవాడు, కాని ఆవిడ కోటు ఇంకా తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతూనే ఉండేది.

నాలుగో వారానికి నాకొకటి అర్థమైంది. ఈయన చెప్పే కథలన్నిట్లోనూ ఒక తండ్రి ఉంటున్నాడు. ఆ తండ్రి చాలాసార్లు గమరాల. అంటే ఊళ్ళో పొలమూ గొడ్లూ ఉన్న పెద్ద రైతు. కథలో గమరాల మాట వినపడగానే వాళ్ళ పిల్లలు నవ్వడానికి సిద్ధమైపోతారట. వాన వస్తోందని పెళ్ళాం కేకేస్తే, వడ్లు ఎండబోసిన చాపని మాత్రం గబగబా చుట్టి లోపలికి తెచ్చి, వడ్లని నేలమీదే వదిలేసిన తండ్రి. కూతురికి సంబంధం చూడ్డానికి వెళ్ళి, పెళ్ళికొడుకు మొహం చూడకుండా వాళ్ళ గేదెని చూసి మురిసిపోయి, గేదె సంగతి మాట్లాడుకుని వచ్చిన తండ్రి. ఇలాంటివి రాస్తున్నప్పుడు నాకూ హాయిగా ఉండేది. మన కథల్లో ఇంత తెలివితక్కువ పనులు చేసేది ఎక్కువగా అల్లుళ్ళు. నాన్నలు చేస్తే నవ్వడానికి మనకి కొంచెం భయం. ఆ భయం లేకుండా నవ్వుకునే జాతి ఒకటుందని సంతోషపడి, మొత్తం పుస్తకమే తండ్రుల కథలతో వెయ్యాలని నిర్ణయించుకున్నాను. ఇరవై కథలు. తెలుగు పిల్లల కోసం. ఇక్కడి తెలుగు పిల్లలు చదవరని తెలుసు. మా అబ్బాయే, నేను తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతూ పెద్దవాడయ్యాడు. అయినా రాద్దామనుకున్నాను.

ఇబ్బంది ఇరవయ్యో కథతో వచ్చింది.

కథ ఇదీ. ఒక గమరాలకి ముగ్గురు కూతుళ్ళు. ఒకరోజు భోజనం దగ్గర ముగ్గుర్నీ అడిగాడు, మీరు ఎవరి పుణ్యాన తింటున్నారు అని. పెద్దమ్మాయి, నీ పుణ్యానే తాత్తా అంది. రెండో అమ్మాయీ అదే మాట అంది. మూడో అమ్మాయి మాత్రం, వడ్లు దంచింది నేను, వండింది నేను, నా చేతుల పుణ్యాన తింటున్నాను అంది. తండ్రికి కోపం వచ్చింది. రేపు పొద్దున్న మన దారిన ముందుగా ఎవడు వస్తే వాడికే నిన్నిస్తానన్నాడు. మర్నాడు కుండలు అమ్ముకునేవాడు వచ్చాడు. పిల్లనిచ్చి పంపేశాడు. ఏళ్ళు గడిచాయి. ఏరు పొంగి గమరాల పొలమంతా ఇసుక మేట వేసింది. పెద్ద కూతుళ్ళిద్దరూ తండ్రిని గుమ్మం ఎక్కనివ్వలేదు. నడిచీ నడిచీ ఆకలితో ఒక ఇంటి ముందు కూలబడ్డాడు. అది మూడో కూతురిల్లు. ఆమె గుర్తుపట్టింది. ఏమీ అనకుండా పీట వేసి, అన్నం, కొబ్బరి పచ్చడి, ఎండు చేప వేసిన పులుసు వడ్డించింది. తండ్రి తిన్నాడు.

ఇక్కడిదాకా వేలు పెట్టడానికి లేని కథ. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. తిన్నాక తండ్రి ఏమన్నాడు?

మొదటిసారి, ఏమీ అనలేదన్నాడు. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, అంతే కథ. అదేం ముగింపని నేను సణిగాను. మరో బుధవారం మళ్ళీ చెప్పించుకుంటే, ఉప్పు సరిగ్గా పడిందన్నాడని చెప్పాడు. ఇంకోసారి, తిన్న పళ్ళేన్ని కూతురి చేతిలోంచి తీసుకుని తనే కడిగాడన్నాడు. మరోసారి అన్నం తిని ఆ పీటమీదే ప్రాణం విడిచాడన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని రకాలుగా చెబితే దేన్ని రాయమంటారని నిలదీశాను. మా అమ్మ ఒకలా చెప్పేది, మా పెద్దత్త ఒకలా చెప్పేది, వినేవాళ్ళని బట్టి ఉంటుంది అక్కా అన్నాడు. వినేదాన్ని నేనే కదా, నాకెలా చెబుతారన్నాను. కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇరవై రెండేళ్ళు ఆ మనిషితో గింజలు లెక్కపెట్టాను. నాలుగు వందల గింజల్లో ఒక్కటి తక్కువైతే మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టేవాడు. అంత కచ్చితమైనవాడు ఒక్క వాక్యం దగ్గర ఇలా జారిపోతుంటే నాకు విసుగొచ్చింది. ఆ విసుగులో నిజానికి మరొకటి కలిసి ఉంది. ఆయన దేన్నుంచి జారిపోతున్నాడో నాకు తెలుసు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. రెజైనాలో ఉంటుంది. కారులో రెండున్నర గంటలు. నాటకాలు వేస్తుంది, బళ్ళకి వెళ్ళి పిల్లల చేత వేయిస్తుంది. వాళ్ళమ్మ జబ్బుపడినప్పుడు ఆ పిల్ల ఒక నాటక బృందంతో దేశానికి అటు చివర, హాలిఫాక్స్‌లో ఉంది. ఆసుపత్రిలో చేర్చిన మూడోరోజే డాక్టరు పెదవి విరిచింది. ఈయన మాత్రం రోజూ కూతురికి ఫోన్ చేసి, అమ్మ బాగానే ఉంది, నీ షోలు అయ్యాక నిదానంగా రా అని చెబుతూ వచ్చాడు. నాకూ గట్టిగా చెప్పాడు, పిల్లకి ఏమీ చెప్పొద్దని. ఆ వారంలో ఆ అమ్మాయి నాకొక మెసేజ్ పెట్టింది. ఆంటీ, అమ్మ నిజంగా బాగానే ఉందా అని. నేను మీ నాన్నని అడగమని తిరిగి రాశాను. వాళ్ళమ్మ గురువారం మధ్యాహ్నం పోయింది. కూతురు శుక్రవారం వచ్చింది.

తర్వాత ఆ అమ్మాయి గొడవపడలేదు. అరవలేదు. తండ్రి ఇంటికి రావడం మానేసింది, అంతే. పుట్టినరోజుకి ఫోన్, కొత్త సంవత్సరానికి ఫోన్, రెండేసి నిమిషాలు. ఈయన ఏనాడూ ఆ పిల్లతో తప్పైపోయిందన్న మాట అనలేదు. ఆ సంగతి ఎత్తితే, తనకి తెలుసు నేనెందుకు అలా చేశానో అనేవాడు.

ఈ తెలుసు అన్న మాట నాకు చిన్నప్పట్నుంచీ పడదు. మా నాన్న హైస్కూలు మాస్టారు. ఒకసారి నా తప్పేమీ లేకపోయినా నలుగురి ముందూ నన్ను కొట్టాడు. అసలు సంగతి మర్నాడు తెలిసింది ఆయనకి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్న లేచేసరికి నా సైకిలు చెయిన్‌కి నూనె వేసి, తుడిచి, గోడకి ఆనించి ఉంది. మా అమ్మ వంటింట్లోంచి, చూశావా మీ నాన్న మనసు అంది. నేను చూశాను. నూనె కనపడింది. నూనెని క్షమాపణగా చదువుకోవడం మాకు అలా నేర్పారు. బాగానే నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు ఇప్పటికీ కోపమే.

ఆ ఫిబ్రవరిలో రెజైనా నుంచి ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. నేను వాళ్ళ నాన్న చెప్పే కథలు రాస్తున్నానని ఎవరి ద్వారానో తెలిసిందట. తనూ ఒక నాటకం రాస్తోందట, మూడో కూతురి కథ. చిన్నప్పుడు తాత్తా చెప్పేవాడు, ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు, మీకెలా చెప్పాడు ఆంటీ అని అడిగింది. నాలుగు రకాలుగా చెప్పాడన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆ అమ్మాయి, ఆ రికార్డింగులు తనకి పంపగలనా అని అడిగింది. గొంతు వినాలనుంది అంది.

ఆయన్ని అడక్కుండా పంపేశాను. అడిగితే వద్దంటాడు, లేదా కిటికీలోంచి చూస్తాడు. నాకు రెండూ వద్దు. తండ్రీకూతుళ్ళ మధ్య ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. పన్నెండు ఫైళ్ళు, అన్నీ పంపాను.  బుధవారాలు ఆయన ఎదురుగా కూర్చుని, ఏమీ జరగనట్టే ఎండు చేపని తెలుగులో ఏమంటే బాగుంటుందో మాట్లాడాను.

ఏప్రిల్లో షో. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, రెజైనాలో. ఆ అమ్మాయి నాకు రెండు టికెట్లు పంపింది. మరెవరి పేరూ రాయలేదు, కాని రెండు పంపింది. ఆ బుధవారం ఆయనకి అంతా చెప్పేశాను, రికార్డింగులతో సహా. కోప్పడతాడనుకున్నాను.  ఎన్నో వారంవి పంపావు అక్కా అని అడిగాడు. అన్నీ అన్నాను. తల ఊపాడు. ఆదివారం పొద్దున్న పదిన్నరకి వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆ దారంతా చదును. పొలాల్లో మంచు సగం కరిగి, నీళ్ళు నిలిచి, తెల్లబాతులు దిగి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆయన బాతుల గురించి మాట్లాడాడు. ఈ ఏడు తేమ బాగుంది, మసూర్ బాగా మొలుస్తుందన్నాడు. నేను స్టీరింగు గట్టిగా పట్టుకుని ఊఁ కొట్టాను.

నాటకం ఒక చర్చి కింద హాల్లో. అరవై కుర్చీలు ఉంటాయేమో, దాదాపు నిండాయి. వేదిక మీద ఆ అమ్మాయి ఒక్కతే. ఒక చేట, ఒక రోకలి, ఒక పీట. తండ్రి పాత్రకి మనిషి లేడు. పీట ఖాళీగా ఉంటుంది, తండ్రి సంగతి వచ్చినప్పుడల్లా స్పీకర్‌లోంచి ఈయన గొంతు వినపడుతుంది. మా బుధవారాల గొంతు. మొదటిసారి ఆ గొంతు వినపడగానే పక్కన ఈయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. నేను తల తిప్పలేదు.

ఆ అమ్మాయి కథని మూడో కూతురి వైపు నుంచి చెప్పింది. మనం అనుకున్నట్టు అది దుష్ట తండ్రి కథ కాలేదు. కుండలవాడి వెంట నడిచిపోయాక ఆమె ఏం చేసిందో చెప్పింది. మట్టి తొక్కడం నేర్చుకుంది. మొదటి ఏడాది చేసిన కుండలన్నీ పగిలాయి. దారిన పోయేవాళ్ళు, ఎంతైనా కన్నతండ్రి, ఒకసారి వెళ్ళి చూసి రారాదా అనేవాళ్ళు. ఆమె ప్రతిసారీ, ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి కదా అని అడిగేది. జనం నవ్వారు. నేనూ నవ్వబోయి, పక్కనున్న మనిషి గుర్తొచ్చి ఆగాను.

ఆఖరికి తండ్రి వచ్చాడు. ఆమె పీట ముందు పళ్ళెం పెట్టి, అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుంది. స్పీకర్‌లో ఈయన గొంతు, తండ్రి కూర్చున్నాడు, తిన్నాడు అంది. ఆగింది. ఫ్రిజ్ హోరు వినపడుతోంది, అది వాళ్ళ వంటింటి ఫ్రిజ్. అంతలో నా గొంతు, పోలీసు విచారణ చేస్తున్నట్టు, "తర్వాత? తిన్నాక ఏమన్నాడు?" అని గద్దించింది. హాలంతా గొల్లుమంది. నేను కుర్చీలో కుంచించుకుపోయాను. మళ్ళీ ఫ్రిజ్ హోరు. నవ్వులు మెల్లగా ఆగాయి. వేదిక మీద ఆ అమ్మాయి కదలకుండా ఖాళీ పీటని చూస్తోంది. చాలాసేపు, నిజంగా చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, ఈయన గొంతు.

"టీ పెట్టనా అక్కా?"

దీపాలు ఆరిపోయాయి. చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆ బుధవారం నాకు బాగా గుర్తే. టీ తాగి, పుస్తకం మూసేసి, ఇంటికి వెళ్ళి మా ఆయన మీద కేకలేశాను. ఆ రోజు నాకు వినపడనిదేదో ఈ అరవై మందికీ వినపడింది.

జనం వెళ్ళాక ఆ అమ్మాయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. తండ్రి ముందు నిలబడింది. మధ్యలో మూరెడు దూరం. ఇదే సమయం అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. ఒక్క మాట. అంతకంటే అక్కర్లేదు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కుడివైపు స్పీకర్ గరగరమంటోంది. ఎవరికైనా చూపించు."

"చూపిస్తాను తాత్తా," అంది.

అంతే. ఆ అమ్మాయి నన్ను కౌగిలించుకుంది, ఆయన్ని కాదు. సామాను సర్దుకోవాలని లోపలికి వెళ్ళిపోయింది.

ఊరు దాటేదాకా ఓర్చుకున్నాను. హైవే ఎక్కాక నా వల్ల కాలేదు. రెండున్నర గంటలు ప్రయాణం చేసి స్పీకర్ బాగోలేదని చెప్పడానికి వచ్చారా అన్నాను. ఆ పిల్ల మీ గొంతుని గుడిలో పెట్టినట్టు పెట్టుకుని నాటకం ఆడితే మీకు గరగరే వినపడిందా అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇప్పుడు రాయడానికి సిగ్గేసేవి. మీ గమరాల చాప తెచ్చుకుని వడ్లు వదిలేశాడని నవ్వుతారు, మీరు చేసిందేమిటన్నాను. ఆయన బాతుల్ని చూస్తూ కూర్చున్నాడు.

నేను ఆగాక, చాలా మెల్లగా చెప్పాడు. డాక్టరు తనతో చెప్పిన మాట తనకి వినపడలేదట. చెవికి వినపడింది, కాని తను దాన్ని లోపలికి రానివ్వలేదట. కూతురికి అమ్మ బాగానే ఉందని చెప్పినప్పుడు అబద్ధం చెప్పలేదట. ఫోన్‌లో ఆ మాట అన్నప్పుడల్లా అది నిజమేననిపించేదట. ఆ పిల్లని రమ్మంటే, రావాల్సినంత జబ్బని ఒప్పుకున్నట్టేగా అన్నాడు.

అన్నేళ్ళూ నేను, ఆయన పిల్ల పని పాడవకూడదని దాచాడనే అనుకున్నాను. ఆ పిల్లా అదే అనుకుంది.

"అదే చెప్పండి ఆ పిల్లకి," అన్నాను. "ఇప్పుడు నాకు చెప్పిందే చెప్పండి."

"నువ్వు చెప్పావా అక్కా?"

అర్థం కాలేదు. ఏం చెప్పాలన్నాను.

"తను నిన్ను కూడా అడిగింది. మెసేజ్ పెట్టింది. నాకు చూపించింది తర్వాత. నువ్వేం రాశావో కూడా చూశాను."

 మీ నాన్నని అడుగు అని రాసిన దానిని నేను. మూడేళ్ళుగా ఆయన్ని మనసులో బోనెక్కించి నిలబెట్టాను గాని, ఆ పక్క బోను ఖాళీగా ఉందని చూసుకోలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట నా నోటితో అనడం నాకూ చేతకాలేదు. ఆ కోపం ఎటు పెట్టుకోవాలో తెలియక మరీ కోపం వచ్చింది.

సగం దారిలో ఒక పెట్రోల్ బంక్ దగ్గర కారాపాను. పెట్రోల్ సగం ట్యాంకుంది, అక్కర్లేదు. ఇంజను ఆపేసి, ఆయన ఫోన్ చేసేదాకా కారు కదలదని చెప్పాను. మొండితనానికి నాకూ పేరుంది. ఆయన కాసేపు నన్ను చూశాడు. ఫోన్ తీసి నొక్కాడు. మోగీ మోగీ వాయిస్ మెయిల్‌కి వెళ్ళింది. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. సింహళంలో మొదలుపెట్టాడు. డాష్‌బోర్డు గడియారంలో నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఇంతకాలం కథలు వింటూ నేను నేర్చుకున్న సింహళం ముక్కలు ఒక్కటీ పనికిరాలేదు. అమ్మ అన్న మాట ఒక్కటే తెలిసింది, అది అయిదారుసార్లు వచ్చింది.   అయిపోయాక ఫోన్ జేబులో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఇంకా కదలవేం అక్కా అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. గొంతు జలుబు చేసినట్టుంది. తను మాట్లాడకముందే నేను మొదలుపెట్టాను. లేకపోతే మళ్ళీ స్పీకర్ సంగతే మాట్లాడతానని భయం. "ఆ రోజు నువ్వడిగితే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. మీ నాన్న మీదికి తోసేశాను. తప్పు నాది."



"తెలుసు ఆంటీ," అంది. "ఎప్పుడంటారా అని చూస్తున్నా."

తెలుసు అన్న మాట ఆ పిల్ల నోట విన్నప్పుడు చురుక్కుమంది. తెలిసినా ఎదురుచూసింది. తెలిసిపోతే సరిపోదన్నమాట. నేను చిన్నప్పట్నుంచీ అనుకుంటున్నదే, కాని నన్ను వేలెత్తి చూపించినట్టు వినడం అదే మొదటిసారి.

తర్వాత ఆగలేక అడిగేశాను, మీ నాన్న ఆ మెసేజ్‌లో ఏమన్నాడని. ఆ అమ్మాయి నవ్వింది. అది మా ఇద్దరిదీ ఆంటీ అంది. నిజం చెప్పాలంటే నాకు చాలా బాధ వేసింది. అన్ని బుధవారాలు కూర్చున్నదాన్ని, టికెట్లు పట్టుకుని కారు నడిపినదాన్ని, బంక్‌లో ఇంజను ఆపినదాన్ని. నాకు మాత్రం చెప్పరు.

సినిమాల్లోలాగా ఆ మర్నాడే అంతా చక్కబడిందని రాయలేను. రెండు నెలలు ఆ అమ్మాయి రాలేదు. జూన్‌లో వచ్చింది. వచ్చిన రోజే ఇద్దరూ వాళ్ళమ్మ బట్టల అలమార గురించి పోట్లాడుకున్నారు. ఆమె అన్నీ తీసి పంచేద్దామంది, ఆయన ముట్టుకోనివ్వలేదు. నన్ను పంచాయితీకి పిలిచారు. రానన్నాను. అరుచుకోవడం మొదలుపెట్టారు కదా, అదే నయమనుకున్నాను. తలుపు పక్కన ఆవిడ కోటు మాత్రం కొక్కెం మీద లేదు ఈ మధ్య. ఎవరు తీశారో అడగలేదు.

ఇరవయ్యో కథకి నేనే ఒక ముగింపు రాసి ఆయనకి అర్థం చెప్పి వినిపించాను. అందులో తండ్రి, అమ్మా, ఆ రోజు నేనన్న మాట తప్పు అంటాడు. ఆయన శ్రద్ధగా విని, బాగుంది, కాని మా గమరాల అలా అనడు అక్కా అన్నాడు. మరి ఏమంటాడని అడిగితే, ఇంకొన్నాళ్ళు పోయాక చెబుతానన్నాడు. ఇంకొన్నాళ్ళేమిటి, మనకి ఎన్నాళ్ళున్నాయని. కాగితం చించేశాను. పుస్తకం పంతొమ్మిది కథల దగ్గర ఆగి ఉంది. అచ్చు వేస్తానన్నాయన నెలకోసారి ఫోన్ చేసి అడుగుతున్నాడు, నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఇప్పుడు బుధవారాలు కూడా లేవు. నాటకాన్ని చిన్న ఊళ్ళకి తీసుకెళుతున్నారట, పెట్టెలు మొయ్యడానికి మనిషి కావాలని ఆ అమ్మాయి అడిగితే ఈయన బయల్దేరిపోయాడు. పోయిన వారం వెళుతూ నాకు మెసేజ్ పెట్టాడు, మంచు పడితే మా ఇంటి ముందు కాస్త తోసి పెట్టు అక్కా, మునిసిపాలిటీ వాళ్ళు నోటీసు అంటిస్తారు అని. నిన్న జానెడు పడింది. మా ఆయనకి నడుము నొప్పి. పార పట్టుకుని నేనే వెళ్ళాను. వాళ్ళ గేటు నుంచి మెట్ల దాకా తోసేసరికి గంట పట్టింది. తోస్తున్నంతసేపూ ఆయన్ని తెలుగులో తిట్టాను, గట్టిగానే. పక్కింటాయన గ్యారేజీలోంచి బయటికి వచ్చి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. మళ్ళీ సాయంత్రం నుంచి పడుతోంది.